మాటల్లో చురుకైన పిల్లవాడికి చదవడం ఎందుకు రావడం లేదు: ఒక ప్రాథమికోపాధ్యాయురాలి ప్రశ్నకు సమాధానం

టీచర్ గారికి నమస్కారం. తర్వాత చదివేవారికీ అర్థం కావాలి కనుక మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ మండల పరిషత్ పాఠశాలలో నాలుగో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి కథ వింటే పూసగుచ్చినట్టు తిరిగి చెబుతాడు, కొట్లో చిల్లర లెక్క నోటితోనే తేల్చేస్తాడు, కానీ రెండో తరగతి వాచకంలోని చిన్న పేరా చదవమంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోతాడు. రాస్తే దీర్ఘాలూ ఒత్తులూ ఎగిరిపోతాయి. తండ్రి దాన్ని బద్ధకమంటున్నాడు, మీ తోటి ఉపాధ్యాయుడు రోజూ రెండు పేజీల చూచిరాత రాయిస్తే దారికొస్తాడంటున్నారు, మీకేమో ఇది డిస్లెక్సియా (తెలివితేటలు బాగానే ఉన్నా చదవడం, రాయడం పట్టుబడకపోవడం) ఏమోనన్న అనుమానం ఉంది. పరీక్ష చేయించి వైకల్య సర్టిఫికెట్ తెచ్చేదాకా ఏం చెయ్యాలి, ప్రత్యేక పాఠశాలకు పంపమని తల్లిదండ్రులకు చెప్పాలా, వాడి ఇంగ్లీషు సంగతేమిటి అని అడిగారు.

ప్రత్యేక పాఠశాల ఆలోచన ముందు పక్కన పెట్టండి. మీరు వర్ణించిన పిల్లవాడికి తెలివితేటల్లో లోపం ఉన్న సూచన ఒక్కటీ లేదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్లో మాట్లాడడం, ఆటల నియమాలు అర్థం చేసుకోవడం, సొంత పనులు చేసుకోవడం అన్నీ వయసుకు వెనకగానే ఉంటాయి. డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల్లో మిగతావన్నీ సరిగానే ఉండి చదవడం, రాయడం, అంకెలతో పనిచెయ్యడం వంటి ఏదో ఒక చోట మాత్రం నడక ఆగిపోతుంది. ఇలాంటి పిల్లవాడిని తోటివాళ్ళనుంచి విడదీస్తే చెవితో నేర్చుకునే అవకాశం కూడా పోతుంది.

ఇక మీ అసలు ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే. ఈ పిల్లవాడికి మీరు రెండు పనులు సమాంతరంగా చెయ్యాలి, ఒకదాని కోసం మరొకటి ఆపకూడదు. మొదటిది, చదవడాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, క్రమం తప్పకుండా, విడిగా నేర్పడం. రెండోది, చదవడం వచ్చేదాకా వాడి పరిసరాల విజ్ఞానం, లెక్కలు, కథలు, ఆలోచన వెనకబడకుండా చెవి ద్వారా, నోటి ద్వారా నడిపించడం. మన బడుల్లో సాధారణంగా మొదటిది జరగదు, రెండోది ఎవరికీ తట్టదు. చదవలేని పిల్లవాడికి పాఠం చెప్పి ఏం లాభమని వెనక బెంచీలో కూర్చోబెడతారు, అలా ఐదో తరగతి దాటేసరికి చదవలేకపోవడం అనే ఒక్క ఇబ్బంది ఏమీ తెలియకపోవడంగా మారిపోతుంది. అప్పుడు ఏది వైకల్యమో, ఏది నిర్లక్ష్యం వల్ల వచ్చిన నష్టమో విడదీయడం ఇలాంటి పిల్లల్ని పరిశీలించే నాలాంటి వాళ్ళకు కూడా కష్టమవుతుంది.

పని మొదలుపెట్టే ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి. పల్లెల్లో చెవిలో చీము కారే పిల్లలు చాలామంది ఉంటారు, వినికిడి కొద్దిగా తగ్గినా 'బ'కూ 'ప'కూ తేడా పట్టుకోలేకపోవచ్చు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి వచ్చినప్పుడు ఈ పిల్లవాడి పేరు ప్రత్యేకంగా చెప్పండి. వాళ్ళు చూడవలసిన సమస్యల జాబితాలో అభ్యసన సమస్యలు కూడా ఉన్నాయి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. తరువాత హాజరు పట్టీ చూడండి. మొదటి రెండు తరగతుల్లో తల్లిదండ్రులతో వలస వెళ్ళి సగం రోజులు బడికి రాని పిల్లవాడికి చదవడం రాకపోతే దానికి వైకల్యమని పేరు పెట్టకూడదు. ఇంట్లో తెలుగు కాకుండా లంబాడీయో, కోయో, గోండో మాట్లాడే పిల్లల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

ఇవి కాదని తేలాక, నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఒకటుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు వంటి కార్యక్రమాల్లో పిల్లల్ని స్థాయిని బట్టి గుంపులు చేసి బోధిస్తారు. అలాంటి బోధనలో, అదే గుంపులో ఉన్న మిగతా పిల్లలు కొన్ని వారాల్లో పై మెట్టుకు వెళ్ళిపోయి, రోజూ బడికి వస్తున్న, శ్రద్ధగా కూర్చుంటున్న ఒక్క పిల్లవాడు మాత్రం అక్కడే ఉండిపోతే, వాడి గురించి గట్టిగా ఆలోచించాలి. ఆడపిల్లల్లో దీన్ని గమనించడం ఇంకా కష్టం. మా దగ్గరికి పంపే పిల్లల్లో ఎక్కువమంది అబ్బాయిలే, ఎందుకంటే చదవలేని అబ్బాయి అల్లరి చేస్తాడు, చదవలేని అమ్మాయి పక్కపిల్ల పెదవులు చూసి కోరస్‌లో గొంతు కలిపేస్తుంది.

తెలుగు లిపిలో డిస్లెక్సియా ఎలా కనిపిస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనకు దొరికే చెక్‌లిస్టులు చాలావరకు ఇంగ్లీషు కోసం తయారైనవి. ఇంగ్లీషు అక్షరం 'బి'ని 'డి'గా తిప్పి రాస్తాడా అన్న ప్రశ్న తెలుగు పిల్లవాడి విషయంలో పెద్దగా ఉపయోగపడదు. తెలుగులో రాసినదానికీ పలికేదానికీ పొందిక ఎక్కువ కనుక, కొంత శ్రమతో ఈ పిల్లలు అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకుంటారు, కానీ వేగం రాదు. మూడో తరగతి దాటాక కూడా తెలిసిన పదాన్ని ప్రతిసారీ కొత్తగా కూడబలుక్కోవడమే మన భాషలో ప్రధాన లక్షణం. రెండోది, గుణింతాన్ని పాటలా అప్పజెప్పగలగడం, విడిగా అడిగితే చెప్పలేకపోవడం. క కా కి కీ అంటూ చివరిదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్లవాడు 'కె' ఒక్కదాని మీద వేలు పెడితే మళ్ళీ 'క' నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా వస్తాడు. మూడోది, దగ్గరి పోలిక ఉన్న రూపాల మధ్య తడబాటు: ప-వ, బ-భ, వు-మ, హ-వా, ద-ధ-థ.

నాలుగోది ఒత్తులు, ఇక్కడ కాసేపు ఆగాలి. త, న, మ, య, ర, ల వంటి హల్లుల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే లేదు, కనుక పిల్లవాడు వాటిని కొత్త గుర్తులుగా నేర్చుకోవాలి. అంతకన్నా చిక్కు ఏమిటంటే, ఒత్తు ఉన్నచోట కంటికి కనిపించే వరుస వేరు, చెవికి వినిపించే వరుస వేరు. 'భక్తి' అన్న మాటలో ఇకారం గుర్తయిన గుడి 'క' మీద ఉంటుంది, కానీ ఆ ఇకారం పలికేది కింద ఉన్న 'త' తర్వాత. దీన్ని 'భకిత' అని చదివిన పిల్లవాడు కళ్ళకు కనిపించిన వరుసనే నమ్మకంగా పాటించాడు. అలాంటి తప్పుకు చీవాట్లు పెట్టకుండా, కిందికి దిగి మళ్ళీ పైకి రావాలని వేలితో దారి చూపిస్తే సరిపోతుంది.

ఇప్పుడు బోధన సంగతి. మొదటి రోజు ఒక చిన్న ఉక్తలేఖనం పెట్టండి. దీర్ఘాలున్నవి, ద్విత్వాలున్నవి, సంయుక్తాక్షరాలున్నవి, ఏవీ లేనివి కలిపి ఓ ఇరవై మాటలు చాలు. మార్కులు వెయ్యకండి. తప్పుల్ని వర్గాలుగా విడగొట్టండి. 'పాలు'ను 'పలు' అని, 'గాలి'ని 'గలి' అని రాస్తే దీర్ఘం చెవికి పట్టడం లేదు. 'చెట్టు'ను 'చెటు' అని రాస్తే ఒత్తిన శబ్దం వినపడడం లేదు. 'పుస్తకం'ను 'పుసతకం' అని రాస్తే శబ్దం సరిగానే విన్నాడు, ఒత్తు రూపం గుర్తులేదు. మూడింటికీ మందు వేరు. రెండు పేజీల చూచిరాత మూడింట్లో దేనికీ పనికిరాదు. చూచిరాతలో పిల్లవాడు రూపాన్ని చూసి రూపాన్ని దించుతాడు, శబ్దం మధ్యలోకి రానేరాదు. అలా ముత్యాల్లాంటి దస్తూరితో పేజీ నింపి, అందులో ఒక్క మాట చదవలేని పిల్లలు మీ బడిలోనే ఇంకా ఉండి ఉంటారు, గమనించండి.

దీర్ఘం, ద్విత్వం చెవికి పట్టించడానికి నేను వాడేవి 'గడి, గాడి, గడ్డి' వంటి మాటల జట్లు. 'మడి, మాడి, మడ్డి' కూడా అలాంటిదే. పుస్తకం, పలక ఏదీ లేకుండా ముందు నోటితోనే ఆడించాలి. 'గడి' అన్నప్పుడు పిల్లవాడు చేతిని మామూలుగా ఉంచుతాడు, 'గాడి' అన్నప్పుడు చేతిని పక్కకు సాగదీస్తాడు, 'గడ్డి' అన్నప్పుడు పిడికిలి బిగించి ఆపుతాడు. మీరు పలకడం, వాడు చెయ్యి చూపడం కొన్నాళ్ళు సాగాక, వాడు పలకడం, మీరు చెయ్యి చూపడం. మీరు కావాలని తప్పు చూపితే వాడు పట్టుకోవాలి. ఆ తరువాతే పలక మీదికి రావాలి. అక్షరాన్ని గట్టిగా పలుకుతూ ఇసుకలోనో, గరుకు కాగితం మీదనో వేలితో రాయించడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది. అక్కడ పనిచేసేది ఇసుక కాదు, రాస్తూ అదే క్షణంలో పలకడం.

గుణింతాన్ని ఈ పిల్లవాడికి హల్లు వరుసలో నేర్పవద్దు. ఒక స్వర గుర్తును తీసుకుని తెలిసిన అయిదారు హల్లులకు తగిలించి నిలువుగా నేర్పండి. గుడి తీసుకుంటే కి, గి, తి, లి, ని. ఆ గుర్తు కనిపిస్తే నోరు ఎలా మారాలో స్థిరపడ్డాకే కొమ్ముకు వెళ్ళండి. మి, యి, పు, వు, హా వంటి తీరు తప్పిన రూపాలను చివరికి ఉంచండి. వర్ణమాలలోని అక్షరాలన్నీ పూర్తి చేశాకే మాటలకు వెళ్ళాలన్న పట్టుదల కూడా వద్దు, నాలుగు హల్లులు, రెండు గుర్తులు వస్తే చాలు, వాటితో వచ్చే మాటలతో చిన్న వాక్యాలు మీరే రాసి ఇవ్వవచ్చు. ఒక్కొక్కటీ గట్టిపడ్డాకే తరువాతిది. నాలుగు రోజులు వచ్చింది అయిదో రోజు మాయమవుతుంది, కనుక ప్రతి పాఠంలో మొదటి అయిదు నిమిషాలూ పాతదానికే.

ఒత్తుల్లో కూడా ముందు ద్విత్వాలు, తరువాత సంయుక్తాలు. అక్క, అమ్మ, అన్నం, పిల్లి, మొగ్గ వంటివి నోట్లో నానిన మాటలు కనుక అవి బాట వేస్తాయి.

వేగం కోసం ఒకే పేరాను వరసగా మూడు నాలుగు రోజులు చదివించండి. అయిదారు వాక్యాలు మించకూడదు, పిల్లవాడికి ఆసక్తి ఉన్న సంగతి అయి ఉండాలి. మొదటిసారి మీరు చదివి వినిపించండి, రెండోసారి ఇద్దరూ కలిసి, తరువాత వాడొక్కడే. ఎంతసేపు పట్టిందో చివరిరోజున మొదటి రోజుతో పోల్చి వాడికే చూపించండి. పోలిక వాడితో వాడికే తప్ప పక్కవాడితో ఉండకూడదు. పంక్తి తప్పిపోయేవాడికి కింద అట్టముక్క పెట్టి జరుపుతూ చదవమనండి. ఇదంతా రోజుకు ఇరవై నిమిషాలు మించదు. వారానికి ఒకరోజు రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా రోజూ ఇరవై నిమిషాలు ఎంతో మేలు. మీది ఇద్దరు టీచర్ల బడి అని రాశారు కనుక ఈ ఇరవై నిమిషాలు ఎక్కడివని అడుగుతారు. ఒకటి రెండు తరగతులకు భాషాభ్యాసం జరిగే సమయంలో ఈ పిల్లవాడిని అక్కడ కూర్చోబెట్టేస్తే పని తేలికవుతుంది గానీ, చిన్నపిల్లల మధ్య కూర్చున్న నాలుగో తరగతి పిల్లవాడి ముఖం ఒకసారి చూస్తే మీరే ఆ పని చెయ్యరు. ప్రార్థనకు ముందుగానీ, మధ్యాహ్న భోజనం ముగిశాక మిగతావాళ్ళు ఆడుకునే సమయంలో మొదటి కొన్ని నిమిషాలుగానీ నాకు తెలిసిన చాలామంది టీచర్లకు కుదిరాయి. ఆటను మాత్రం పూర్తిగా తినెయ్యకండి.

రెండో పని, అంటే చదువు ఆగకుండా చూడడం, నిజానికి తేలిక. లెక్కల్లో రాతలెక్కను మీరో, పక్కపిల్లో చదివి వినిపిస్తే వాడు చేస్తాడు; చదవలేకపోయిన లెక్కను రాని లెక్కగా కొట్టెయ్యకూడదు. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి కనుక, పరిసరాల విజ్ఞానం పాఠాన్ని తెలుగులో చదివి వినిపించి, తెలుగులోనే ప్రశ్నలు అడగండి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది మధ్యలో బడిలోనే చేసే మదింపులో) మౌఖిక జవాబులకు, ప్రాజెక్టులకు చోటుంది, ఆ వెసులుబాటు పూర్తిగా మీ చేతిలోనే ఉంది. వరసగా ఒక్కొక్కరిని లేపి చదివించే అలవాటు ఉంటే, ఈ పిల్లవాడు చదవవలసిన రెండు వాక్యాలేవో ముందురోజే చెప్పండి. తన వంతు వచ్చేదాకా గుండె దడదడలాడుతూ కూర్చున్నవాడి చెవికి మీరు చెప్పే పాఠం ఏదీ ఎక్కదు. రాసిన దాంట్లో ప్రతి తప్పునూ ఎర్రసిరాతో చుట్టవద్దు, ఆ వారం నేర్పిన దీర్ఘాన్నో, ద్విత్వాన్నో మాత్రమే దిద్దండి.

ఇంగ్లీషు సంగతి కూడా అడిగారు. చదవడం ఒక లిపిలో గట్టిపడేదాకా ఇంగ్లీషును మాటలకూ వినికిడికీ పరిమితం చెయ్యండి. తెలుగులో తడబడే పిల్లవాడికి ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే అక్కడ అక్షరానికీ శబ్దానికీ ఒప్పందం తక్కువ.

సర్టిఫికెట్ విషయానికి వద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, అభ్యసన వైకల్యానికి అందులో చోటు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని అందులోని 16వ సెక్షన్ చెబుతుంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల మినహాయింపు వంటి మార్పులు చెయ్యాలని 17వ సెక్షన్ చెబుతుంది. ఉన్నత విద్యాసంస్థల్లో అయిదు శాతానికి తగ్గకుండా సీట్లు, ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ కూడా ఆ చట్టంలోవే, కాకపోతే వాటికి వైకల్యం నలభై శాతానికి తగ్గకూడదు. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్ళ వయసులో బడిలోనే ప్రాథమిక పరిశీలన, తరువాత తెలివితేటల పరీక్ష, ఆ పైన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షల సముదాయంతో నిర్ధారణ జరగవలసి ఉండేది. ఎనిమిదేళ్ళు నిండకుండా సర్టిఫికెట్ ఇవ్వకూడదని, పద్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట మళ్ళీ పరీక్షించాలని వాటిలో ఉంది; 2024 మార్చిలో కేంద్రం వాటిని సవరించింది కనుక ఇప్పటి వివరాలు అడిగి తెలుసుకోండి. బడిలో చేసే పరిశీలనకు ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ చెక్‌లిస్టు ఉంది, దాని మొదటి భాగం తరగతి ఉపాధ్యాయులే నింపవచ్చు.

మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులను ముందు కలవండి. వాళ్ళు బడికి వచ్చి పిల్లవాడిని చూడగలరు, వైకల్య సర్టిఫికెట్ కోసం వైద్యులు పరీక్షించే సదరం శిబిరానికి పంపాలా వద్దా చెప్పగలరు. శిబిరానికి వెళ్ళినప్పుడు తల్లిదండ్రుల చేతికి మీ ఉక్తలేఖనం కాగితాలు, నోటుపుస్తకం, మీ పరిశీలన రాసిన ఒక పేజీ ఇచ్చి పంపండి. కాలూ చెయ్యీ బాగున్న పిల్లవాడిని చూసి ఏముంది వీడికి అని తిప్పిపంపకుండా ఆ కాగితాలే అడ్డుపడతాయి. పెద్ద పరిశీలన అవసరమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. ప్రైవేటుగా ఎవరి దగ్గరికైనా వెళితే వారికి ఈ రంగంలోని నిపుణులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగమని చెప్పండి. రంగు కళ్ళద్దాలు, జ్ఞాపకశక్తి మందులు, మెదడు వ్యాయామాలు అని అమ్మేవాటికి డబ్బు పెట్టనివ్వకండి. కళ్ళ వ్యాయామాలకూ రంగుటద్దాలకూ డిస్లెక్సియాను తగ్గించే గుణం లేదని అమెరికా శిశువైద్యుల అకాడమీ, నేత్రవైద్యుల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి.

ఇంత చెప్పాక కూడా నా అభిప్రాయం, సర్టిఫికెట్ కోసం బోధన ఆపవద్దనే. పదో తరగతి పరీక్షల వేళకు ఆ కాగితం అవసరం, ఆ రాయితీల దరఖాస్తు ప్రధానోపాధ్యాయుల ద్వారానే వెళుతుంది కనుక తొమ్మిదో తరగతిలోనే కదలాలి. నాలుగో తరగతిలో మాత్రం పైన చెప్పిన ఇరవై నిమిషాలకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. అదీగాక, సదరం అనగానే కొందరు తల్లిదండ్రులు బెదిరిపోతారు, ఆడపిల్ల అయితే పెళ్ళి సంబంధాల దాకా ఆలోచిస్తారు. వాళ్ళను తొందరపెట్టకండి, పిల్లవాడిలో కొంత మార్పు చూపించాక అడిగితే తేలికగా ఒప్పుకుంటారు.

తండ్రితో మాట్లాడేటప్పుడు జబ్బు పేర్లతో మొదలుపెట్టవద్దు. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కథ మీరు చదివి వినిపించి, వాడు దాన్ని తిరిగి చెప్పడం ఆయనను విననివ్వండి. తరువాత అదే కథ చదవమనండి, కాని ఒక్క వాక్యంతో ఆపెయ్యండి. బద్ధకమైతే మొదటిది కూడా రాకూడదు గదా అని ఆయన్నే అడగండి. ఇంట్లో చదివించమని చెప్పవద్దు, కూలి నుంచి అలసి వచ్చినవాళ్ళు చదివించడం మొదలుపెడితే అది కొట్టడంతో ముగుస్తుంది. రోజూ పొద్దుగూకాక బడిలో ఏం విన్నావురా అని అడిగి చెప్పించుకోమనండి, అక్కతోనో, పక్కింటివాళ్ళతోనో పోల్చవద్దనండి.

చివరిగా ఒక ముందుచూపు. వచ్చే ఏడాది దాటితే ఈ పిల్లవాడు ఆరో తరగతికి హైస్కూలుకు వెళతాడు, అక్కడ సబ్జెక్టుకో టీచరు ఉంటారు, హిందీ రూపంలో మూడో లిపి మీద పడుతుంది, వీడి సంగతి తెలిసినవారు ఒక్కరూ ఉండరు. టీసీతో పాటు ఒక పేజీ ఉత్తరం మీరే రాసి ఆ ప్రధానోపాధ్యాయులకు చేతికివ్వండి. ఏ అక్షరాలు, ఏ ఒత్తులు గట్టిపడ్డాయి, ఒక పేరా చదవడానికి ఎంతసేపు పడుతోంది, ప్రశ్న చదివి వినిపిస్తే ఏయే సబ్జెక్టుల్లో తోటివాళ్ళతో సమానంగా చెప్పగలుగుతున్నాడు, ఏం చేస్తే ముడుచుకుపోతాడు, సదరం పని ఎక్కడిదాకా వచ్చింది అన్నవి అందులో ఉండాలి. ఒక నకలు భవిత కేంద్రంలోనూ ఉంచండి, ఎందుకంటే హైస్కూలులో ప్రధానోపాధ్యాయులు బదిలీ అయితే ఆ కాగితం కూడా వారితోనే వెళ్ళిపోవచ్చు.